బయాలజీ ఎడ్యుకేషన్ పరిశోధకురాలి పేపర్లు, సైటేషన్లు: స్కాలర్‌కీ స్కోపస్‌కీ లెక్క కలవడం లేదు, ఫైల్లో ఏది రాయాలి?

ప్రశ్న: జువాలజీ_విభాగం

నమస్కారం అండీ. మా జువాలజీ విభాగంలో ఒక మేడం గారి పదోన్నతి ఫైల్ తయారవుతోంది. ఆవిడ పరిశోధన జంతువుల మీద కాదు, జీవశాస్త్ర బోధన మీద. జన్యుశాస్త్రం, పరిణామం పాఠాల్లో విద్యార్థులకు ఏర్పడే అపోహలు, వాటిని పసిగట్టే ప్రశ్నపత్రాలు, క్లాసులో చర్చ పెడితే వచ్చే తేడా, ఇలాంటివి. ప్రచురణల జాబితా, మొత్తం సైటేషన్లు (ఆవిడ పేపర్లను వేరే పేపర్లు ఉదహరించిన సార్లు), హెచ్-ఇండెక్స్ (హెచ్ 6 అంటే కనీసం ఆరేసి సైటేషన్లున్న పేపర్లు ఆరు ఉన్నాయని), "పరిశోధన ప్రభావం" గురించి ఒక పేజీ అడిగారు.

చిక్కులు ఇవి. సైటేషన్లు లెక్కగట్టే డేటాబేస్‌లు మూడు చూశాం. గూగుల్ స్కాలర్‌లో ఉన్న సైటేషన్లలో స్కోపస్‌లో మూడో వంతు కూడా కనిపించడం లేదు. వెబ్ ఆఫ్ సైన్స్‌లో ఇంకా తక్కువ. స్కోపస్‌లో ఆవిడ పేరుతో రెండు ప్రొఫైళ్లు ఉన్నాయి, రెండింటి హెచ్-ఇండెక్స్ కలిపి రాయవచ్చా? పైగా కమిటీలో ఉండేది మాలిక్యులర్ బయాలజీ వాళ్లు. వాళ్ల సంఖ్యల పక్కన ఇవి చిన్నగా కనిపిస్తాయి. తెలిసినవాళ్లు పద్ధతి చెప్పండి.

జవాబు 1: సూచికల_గది

మూడు లెక్కలూ తప్పు కావండీ. మూడూ మూడు వేరే కుప్పల్లోంచి వస్తున్నాయి. గూగుల్ స్కాలర్ నెట్‌లో దొరికే పీడీఎఫ్‌లు, థీసిస్‌లు, పుస్తకాలు, సెమినార్ సంచికలు అన్నిటినీ పట్టుకుంటుంది. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ తాము ఎంపిక చేసుకున్న జర్నళ్లు, కొన్ని పుస్తకాలు, కొన్ని సదస్సుల సంచికలకే పరిమితం. విద్యారంగంలో పని చాలావరకు పుస్తకాధ్యాయాల్లో, నివేదికల్లో, పీహెచ్‌డీ, ఎం.ఎడ్ థీసిస్‌లలో జరుగుతుంది కాబట్టి మాలిక్యులర్ బయాలజీ కంటే ఇక్కడ ఆ తేడా పెద్దది. మూడో వంతు అన్నది చూసి కంగారు పడనక్కర్లేదు.

వెబ్ ఆఫ్ సైన్స్ విషయంలో ఒకటి తప్పకుండా చూడండి. అది ఒకే డేటాబేస్ కాదు, కొన్ని సూచికల కట్ట. సీబీఈ లైఫ్ సైన్సెస్ ఎడ్యుకేషన్ లాంటి జర్నల్ సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వైపు, "ఎడ్యుకేషన్, సైంటిఫిక్ డిసిప్లిన్స్" అనే వర్గంలో ఉంటుంది. జర్నల్ ఆఫ్ రీసెర్చ్ ఇన్ సైన్స్ టీచింగ్, ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ సైన్స్ ఎడ్యుకేషన్ లాంటివి సోషల్ సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వైపు ఉంటాయి. మీ యూనివర్సిటీ చందా సైన్స్ భాగానికే ఉంటే ఆ రెండో వైపు సైటేషన్లు మీ తెరమీదికి రావు, హెచ్-ఇండెక్స్ కూడా తగ్గి కనిపిస్తుంది. సెర్చ్ పేజీలో "ఎడిషన్స్" అన్న చోట నొక్కితే మీకు ఏవి అందుబాటులో ఉన్నాయో, ఏ సంవత్సరం నుంచి ఉన్నాయో తెలుస్తుంది.

అందులోనే "సైటెడ్ రిఫరెన్స్ సెర్చ్" అని ఉంది, చాలామంది వాడరు. ఆవిడ పుస్తకాధ్యాయం డేటాబేస్‌లో లేకపోయినా, దాన్ని ఎవరైనా ఉదహరించి ఉంటే ఆ వరుస అక్కడ దొరుకుతుంది. సంవత్సరం తప్పు పడినవి, పేరు తప్పు పడినవి కూడా విడివిడి వరుసలుగా కనిపిస్తాయి. స్కోపస్‌లో ఇదే పనికి "సెకండరీ డాక్యుమెంట్స్" ట్యాబ్ ఉంది.

ఇక రెండు ప్రొఫైళ్లు. హెచ్-ఇండెక్స్‌లను ఎప్పుడూ కూడకూడదు, రెండింటిలో పెద్దది తీసుకోవడమూ తప్పే. ఒక ఊహాత్మక ఉదాహరణ వేసి చూడండి. పది పేపర్లు, వాటి సైటేషన్లు 46, 31, 18, 12, 9, 7, 5, 3, 1, 0. పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చి వరుస సంఖ్య వేస్తే ఆరో పేపర్‌కు 7 ఉన్నాయి, ఏడోదానికి 5 మాత్రమే. అంటే హెచ్ 6. ఇప్పుడు ఇవే పేపర్లు రెండు ప్రొఫైళ్లలోకి చీలిపోయాయనుకోండి: ఒకదాంట్లో 46, 18, 9, 5, 1, ఇంకోదాంట్లో 31, 12, 7, 3, 0. మొదటిదాని హెచ్ 4, రెండోదాని హెచ్ 3. కూడితే 7, పెద్దది తీసుకుంటే 4. అసలు సంఖ్య రెండూ కాదు, 6. కాబట్టి ముందు ప్రొఫైళ్లు కలపాలి, ఆ తర్వాతే లెక్క.

స్కోపస్‌లో ఆథర్ సెర్చ్‌కు వెళ్లి పేరు అన్ని రూపాల్లోనూ వెతకండి. వచ్చిన ప్రొఫైళ్లలో ఆవిడవి టిక్ పెట్టి "రిక్వెస్ట్ టు మెర్జ్" నొక్కాలి. ఏ పేరు ప్రధానంగా చూపాలో అడుగుతుంది, ప్రతి పేపర్ ఆవిడదేనా అని ధ్రువీకరించమంటుంది. వేరేవాళ్ల పేపర్ కలిసిపోయి ఉంటే అక్కడే తీసేయించాలి. సవరణ కనిపించడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. ఫైల్ గడువు ముందు రోజు మొదలుపెట్టే పని కాదిది. చందా లేకపోయినా ఉచిత ప్రివ్యూలో ప్రొఫైల్ చూడవచ్చు.

జవాబు 2: పేరు_ముందు_ఇంటిపేరు

పై జవాబుకు కొనసాగింపు. ప్రొఫైల్ రెండుగా చీలడానికి మన పేర్లే మొదటి కారణం, అది తెలియకపోతే కలిపినా మళ్లీ చీలుతుంది.

మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ పొడి అక్షరంగా. జర్నల్ ఫారంలో "లాస్ట్ నేమ్" అన్న పెట్టెలో ఒకసారి పేరు పెడతారు, ఒకసారి ఇంటిపేరు పూర్తిగా రాస్తారు. "కె. వెంకట లక్ష్మి" అన్న పేరు ఒక పేపర్‌లో "లక్ష్మి, కె.వి." అవుతుంది, ఇంకోదాంట్లో "వెంకటలక్ష్మి, కె." అవుతుంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ మరో చిక్కు: "క్ష్మి"ని కె.ఎస్.హెచ్.తో, కె.ఎస్.తో, ఎక్స్‌తో మూడు రకాలుగా రాస్తారు. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారితే పొడి అక్షరమే మారిపోతుంది. దీనికి తోడు ఉద్యోగం ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారి ఉంటే మెషీన్ వేరే మనిషి అనుకుంటుంది. అదే లెక్కన "రావు కె." అని వెతికితే వందల మందిని ఒకే గాటన కడుతుంది.

మందు ఆర్కిడ్, అంటే ఒక్కో పరిశోధకుడికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య. పదహారు అంకెలు, నాలుగేసి చొప్పున నాలుగు గుంపులు. చివరిది అంకెకు బదులు ఎక్స్ కూడా కావచ్చు, అది తప్పు కాదు, సరిచూసే గుర్తు. ఆర్కిడ్ రికార్డులో "ఆల్సో నోన్ యాజ్" అన్న చోట పాత పేరు రూపాలన్నీ రాయండి. "సెర్చ్ అండ్ లింక్" ద్వారా స్కోపస్‌తో, క్రాస్‌రెఫ్‌తో (డీఓఐలు నమోదు చేసే సంస్థ) జోడించండి. పేపర్లను చేత్తో టైపు చేయకుండా డీఓఐ (ఒక్కో పేపర్‌కు ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఇచ్చి చేర్చండి. టైపు చేసిన పేపర్ ఒకటి, డీఓఐతో వచ్చింది ఒకటి అని జంటలు తయారవడం ఇక్కడే మొదలవుతుంది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి విద్వాన్ (మన దేశ అధ్యాపకుల, పరిశోధకుల వివరాల వేదిక) ప్రొఫైల్లో కూడా ఇదే ఆర్కిడ్ ఇవ్వండి. ఇకముందు పంపే ప్రతి పేపర్‌కూ పేరు ఒకే రూపంలో, ఒకే స్పెల్లింగ్‌లో వెళ్లాలి. ఏ రూపం ఎంచుకున్నా పర్వాలేదు, మార్చకూడదు.

గూగుల్ స్కాలర్‌లో జాగ్రత్త వేరే. అక్కడ "కొత్త పేపర్లు తనంతట తాను చేర్చు" అన్న సెట్టింగ్ ఉంటుంది. దాన్ని ఆపి "మెయిల్ పంపి అడుగు" అన్నది పెట్టండి. లేకపోతే అదే పేరున్న ఇంకొకరి వ్యవసాయ పరిశోధన మేడం గారి ఖాతాలో చేరుతుంది, కమిటీలో ఎవరైనా తెరిచి చూస్తే మొత్తం ఫైల్ మీద నమ్మకం పోతుంది. ఒకే పేపర్ రెండుసార్లు ఉంటే రెండింటికీ టిక్ పెట్టి "మెర్జ్" నొక్కండి. సైటేషన్ సంఖ్య పక్కన నక్షత్రం గుర్తు కనిపిస్తే, అందులో ఆ పేపర్‌కు చెందనివి కలిసి ఉండవచ్చని అర్థం. నొక్కి చూసి తేల్చుకోండి.

జవాబు 3: క్లాసులో_చర్చ

నేను బయాలజీ ఎడ్యుకేషన్ వైపు నుంచి చెప్తాను. ఈ రంగం సైటేషన్లు చదవాలంటే ఇక్కడి జర్నళ్ల తీరు తెలియాలి.

సీబీఈ లైఫ్ సైన్సెస్ ఎడ్యుకేషన్ 2002లో "సెల్ బయాలజీ ఎడ్యుకేషన్" అన్న పేరుతో మొదలైంది, 2006లో పేరు మారింది. అమెరికన్ సొసైటీ ఫర్ సెల్ బయాలజీ ప్రచురణ, అందరికీ ఉచితంగా చదివే వీలుంది. పాత పేరుతో వచ్చిన పేపర్లను కొత్త పేరుతో ఉదహరించేవాళ్లు, పేరు మధ్యలో గీత ఒకరు పెట్టి ఒకరు పెట్టక, ఇలా సైటేషన్లు జారిపోతుంటాయి. ఇంకా ముఖ్యం: ఆ జర్నల్ ఇటీవలి సంచికల్లో పేజీ సంఖ్యలు ఉండవు. పరిశోధన వ్యాసమైతే "ఏఆర్", వ్యాసరూప చర్చ అయితే "ఈఎస్", శీర్షిక వ్యాసమైతే "ఎఫ్ఈ" అని అక్షరాలు, తర్వాత అంకె. పీడీఎఫ్ చూసి "పేజీలు 1–12" అని రాస్తే డేటాబేస్ ఆ రిఫరెన్స్‌ను అసలు పేపర్‌తో జతచేయలేకపోవచ్చు. మేడం గారి జాబితాలో కూడా ఈ అక్షరాల సంఖ్యే రాయండి. దాన్ని బట్టి అది పరిశోధనా వ్యాసమా, చర్చా వ్యాసమా అన్నది కూడా తేలిపోతుంది. కమిటీ ఆ తేడా అడుగుతుంది.

ఇక సంఖ్యలు. ఈ రంగంలో అందరికీ తెలిసిన ఉదాహరణ తీసుకుందాం. 2014లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ నుంచి స్కాట్ ఫ్రీమన్, మరో ఆరుగురు కలిసి పీఎన్ఏఎస్ అనే జర్నల్‌లో ఒక మెటా అనాలిసిస్ వేశారు. 225 అధ్యయనాలు కలిపి చూశారు. ఉపన్యాసం మాత్రమే ఉన్న క్లాసుల్లో సగటున 33.8 శాతం ఫెయిలైతే, విద్యార్థులు చురుగ్గా పాల్గొనే క్లాసుల్లో 21.8 శాతం. పరీక్ష మార్కుల్లో తేడా 0.47 స్టాండర్డ్ డీవియేషన్. ఆ ఒక్క పేపర్‌కు సైటేషన్లు వేలల్లో ఉన్నాయి. రాసినవాళ్లు జీవశాస్త్ర విభాగం వాళ్లు, కానీ ఉదహరించేవాళ్లలో ఇంజనీరింగ్, గణితం, కెమిస్ట్రీ, ఫిజిక్స్ అధ్యాపకులు పెద్ద సంఖ్యలో ఉంటారు. ఎందుకంటే ఆ పేపర్ విషయమే ఆ సబ్జెక్టులన్నిటి గురించి. ఏడుగురు రచయితల ప్రొఫైళ్లలోనూ ఆ మొత్తం పూర్తిగా చేరుతుంది, ఏడో వంతు కాదు. కాబట్టి ఈ రంగంలో ఎవరి మొత్తం సైటేషన్లు చూసినా, అందులో ఒక్క పేపర్ వాటా ఎంత అన్నది ముందు చూడాలి. పైన ఇచ్చిన పది పేపర్ల ఉదాహరణలోనే మొత్తం 132, మొదటి రెండింటివే 77. సగటు 13.2, మధ్యమం (వరుసగా పేర్చితే నడిమి విలువ) మాత్రం 8. సగటు ఒక్కటే రాస్తే అసలు చిత్రం దాగిపోతుంది. మధ్యమం కూడా రాయండి.

ఇంకో రకం పేపర్లు పరికరాల్లాంటివి. 2013లో అదే సీబీఈ జర్నల్‌లో వచ్చిన కోపస్ అనే క్లాసు పరిశీలన పద్ధతి చూడండి. రెండేసి నిమిషాలకు ఒకసారి విద్యార్థులు ఏం చేస్తున్నారు, అధ్యాపకుడు ఏం చేస్తున్నాడు అని 25 కోడ్‌లలో గుర్తు పెట్టాలి. అది వాడిన ప్రతి అధ్యయనమూ దాన్ని ఉదహరించక తప్పదు. 2002లో జర్నల్ ఆఫ్ రీసెర్చ్ ఇన్ సైన్స్ టీచింగ్‌లో వచ్చిన సహజ వరణం కాన్సెప్ట్ ఇన్వెంటరీ (20 ప్రశ్నలు), 2008 నాటి జెనెటిక్స్ కాన్సెప్ట్ అసెస్‌మెంట్ (25 ప్రశ్నలు) కూడా అంతే. మేడం గారు ప్రశ్నపత్రాలు తయారు చేస్తారన్నారు కదా, ఆ పేపర్ల సైటేషన్లను విడిగా చూపండి. వాటిలో "మేము ఈ ప్రశ్నపత్రం వాడాము" అన్నవి ఎన్ని, ఉపోద్ఘాతంలో నలుగురితో పాటు పేరు చెప్పి వదిలేసినవి ఎన్ని అన్నది తేల్చాలి. దానికి అడ్డదారి లేదు. ఎక్కువ సైటేషన్లు ఉన్న మూడు పేపర్లు తీసుకుని, ఒక్కోదానికి ఇరవై చొప్పున ఉదహరించిన పేపర్లు తెరిచి, మేడం పేరు వచ్చిన వాక్యం చదవాలి. స్కాలర్‌లో "సైటెడ్ బై" నొక్కాక "సైటింగ్ ఆర్టికల్స్‌లో వెతుకు" అన్న పెట్టె టిక్ చేసి "ఇన్‌స్ట్రుమెంట్", "అడాప్టెడ్" లాంటి మాటలు వేస్తే పని సగం తగ్గుతుంది. ఒక సెర్చ్‌కు వెయ్యి ఫలితాలకు మించి చూపదు, మీ అవసరానికి అది చాలు.

ఇంకొక బాధ ఉంది, దీన్ని గట్టిగానే చెప్పాలి. ఈ రంగం పేపర్లను వాడేవాళ్లు ఎక్కువగా అధ్యాపకులు. వాళ్లు మరుసటి రోజు క్లాసులో ఆ ప్రశ్నలు వాడతారు, పేపర్ రాయరు. కాబట్టి సైటేషన్ పుట్టదు. దాన్ని చూపడానికి వేరే ఆధారాలు పోగేయాలి: ప్రశ్నపత్రం వాడతామని అనుమతి కోరుతూ వచ్చిన మెయిళ్లు, సిలబస్‌లో లేదా శిక్షణ మాడ్యూల్‌లో పేరు వచ్చిన పేజీ, ప్రశ్నపత్రం వేరే భాషలోకి అనువాదమై ఉంటే ఆ కాపీ. తేదీ కనిపించేలా దాచండి.

జవాబు 4: స్కోరు_పట్టిక

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం స్కోరు వేస్తున్నట్టయితే కొన్ని విషయాలు.

అనుబంధం 2లోని రెండో పట్టికలో ఒక పేపర్‌కు సైన్స్ ఫ్యాకల్టీకి 8 పాయింట్లు, ఎడ్యుకేషన్, సోషల్ సైన్సెస్ తదితర ఫ్యాకల్టీలకు 10 పాయింట్లు. పట్టిక ఫ్యాకల్టీని బట్టి నడుస్తుంది. మేడం గారు జువాలజీలో ఉన్నారు కాబట్టి జర్నల్ ఎడ్యుకేషన్‌దైనా 8 కిందికే వస్తుందనుకుని లెక్క వేసుకోండి. 10 వేయాలంటే ఐక్యూఏసీ (సంస్థలోని నాణ్యతా విభాగం) నుంచి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను (జర్నల్ వ్యాసాలకు సగటున అందే సైటేషన్ల కొలత) బట్టి స్కోరు పెంచే మెట్లు: ఫ్యాక్టర్ లేని రెఫరీడ్ జర్నల్‌కు 5, ఒకటి లోపు ఉంటే 10, ఒకటి నుంచి రెండు 15, రెండు నుంచి ఐదు 20, ఐదు నుంచి పది 25, పది దాటితే 30. ఇద్దరు రచయితలైతే ఒక్కొక్కరికి 70 శాతం. ఇద్దరికి మించితే మొదటి, ప్రధాన లేదా కరస్పాండింగ్ రచయితకు 70 శాతం, మిగతా ఒక్కొక్కరికి 30 శాతం. అంటే 20 పాయింట్ల పేపర్‌లో ముగ్గురుంటే ప్రధాన రచయితకు 14, మిగతావారికి 6 చొప్పున. బయాలజీ ఎడ్యుకేషన్‌లో నలుగురైదుగురు కలిసి రాయడం మామూలే కాబట్టి, ప్రతి పేపర్‌కూ ఆవిడ స్థానం ఏమిటో జాబితాలోనే ఒక గడి పెట్టండి.

ఎక్కువగా తిరిగొచ్చే ఫైళ్లు ఇక్కడే: ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గడిలో సైట్‌స్కోర్ రాయడం. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వెబ్ ఆఫ్ సైన్స్ నడిపే క్లారివేట్ సంస్థది: గత రెండేళ్లలో వచ్చిన వ్యాసాలకు ఈ ఏడు అందిన సైటేషన్లను ఆ వ్యాసాల సంఖ్యతో భాగించినది. సైట్‌స్కోర్ స్కోపస్‌ది, నాలుగేళ్ల లెక్క, భాగహారంలో చేర్చే రచనలూ వేరు. రెండూ ఒకటి కాదు. జర్నల్ వెబ్‌సైట్‌లో "ఇంపాక్ట్ ఫ్యాక్టర్" అన్న మాట ముందు వేరే ఏ విశేషణం కనిపించినా, క్లారివేట్ వారి జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌లో ఆ జర్నల్ పేరు, ఐఎస్ఎస్ఎన్ (జర్నల్ గుర్తింపు సంఖ్య) వెతికి చూశాకే రాయండి.

యూజీసీ కేర్ జాబితాను (యూజీసీ గుర్తించిన జర్నళ్ల జాబితా) 2025లో ఆపేశారు. అంతకుముందు వచ్చిన పేపర్లకు, ప్రచురణ నాటికి జర్నల్ జాబితాలో ఉందని చూపే పేజీ ప్రింట్ జతచేయడం మంచిది.

ప్రశ్నించినవారు: జువాలజీ_విభాగం

చాలా ఉపయోగం అండీ, అందరికీ ధన్యవాదాలు. మాలిక్యులర్ బయాలజీ వాళ్లతో పోలిక సంగతి మిగిలింది. స్కోపస్‌లో ఫీల్డ్ వెయిటెడ్ అని ఒక సంఖ్య కనిపిస్తోంది, అది రాస్తే సరిపోతుందా?

జవాబు 5: సూచికల_గది

రాయండి, కానీ ఒంటరిగా వదలకండి. ఒక పేపర్‌కు వచ్చిన సైటేషన్లను, అదే రంగంలో అదే సంవత్సరం అదే రకం పేపర్లకు సగటున వచ్చిన వాటితో భాగిస్తారు. 1 అంటే ప్రపంచ సగటు, 1.5 అంటే సగటు కంటే సగం ఎక్కువ. ఆలోచన మంచిదే. ఇబ్బంది రెండు చోట్ల. ఒకటి, రంగం పేపర్‌ను బట్టి కాదు, జర్నల్‌ను బట్టి నిర్ణయమవుతుంది. జర్నల్‌ను ఎడ్యుకేషన్‌లోనూ బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్ వర్గంలోనూ రెండు చోట్లా పెట్టి ఉంటే, పోలిక సగం మళ్లీ ప్రయోగశాల పేపర్లతోనే జరుగుతుంది. స్కోపస్‌లో ఆ జర్నల్ పేజీ తెరిస్తే ఏ ఏ వర్గాల్లో ఉందో కనిపిస్తుంది. అది ఒక వాక్యంలో ఫైల్లో రాయండి. రెండోది, పదీ పదిహేను పేపర్లున్నప్పుడు ఒక్క పేపర్ ఆ సంఖ్యను ఎటైనా లాగేస్తుంది. అందుకని పేపర్ల వారీగా పర్సంటైల్ ఇవ్వడం మేలు.

హెచ్-ఇండెక్స్‌ను రంగాల మధ్య పోల్చకూడదన్నది కొత్త వాదన కాదు. 2005లో దాన్ని ప్రతిపాదించిన హోర్హే హిర్ష్ భౌతిక శాస్త్రవేత్త. జీవశాస్త్రాల్లో హెచ్ విలువలు భౌతికశాస్త్రం కంటే ఎక్కువగా ఉంటాయని ఆయన ఆ పేపర్‌లోనే చూపారు. కమిటీకి ఆ మాట చెప్పవచ్చు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో మనిషిని కొలవొద్దని చెప్పిన డోరా ప్రకటన 2012 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టింది, అదీ సీబీఈ జర్నల్ వేసే ఆ సెల్ బయాలజీ సొసైటీ వార్షిక సమావేశంలోనే. కమిటీలో మాలిక్యులర్ బయాలజీ వాళ్లున్నారన్నారు కదా, ఇది వాళ్ల సొంత సంఘం మాట.

ప్రభావం పేజీ మొదటి పేరా ఈ తీరులో ఉండనివ్వండి, ఖాళీలు మీరు నింపుకోండి: "ఫలానా తేదీన స్కోపస్‌లో, ప్రొఫైళ్లు కలిపిన తర్వాత, స్వీయ సైటేషన్లు మినహాయించి ___ పేపర్లకు ___ సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ ___, మధ్యమం ___. అదే రోజు గూగుల్ స్కాలర్‌లో ___ (పుస్తకాధ్యాయాలు, థీసిస్‌లు కలిపి). ప్రశ్నపత్రం పేపర్‌ను ఉదహరించిన వాటిలో పరిశీలించిన ఇరవైలో ___ అధ్యయనాలు దాన్ని నేరుగా వాడాయి." స్వీయ సైటేషన్లు తీసేసే వీలు స్కోపస్‌లో, వెబ్ ఆఫ్ సైన్స్‌లో ఉంది, స్కాలర్‌లో లేదు. కాబట్టి స్కాలర్ సంఖ్య పక్కన "మినహాయించలేదు" అని రాయాలి. మూడు తెరల స్క్రీన్‌షాట్లూ ఒకే రోజు తీసి, తేదీ కనపడేలా జతచేయండి. ఫైల్ చూసే రోజుకు సంఖ్యలు మారి ఉంటాయి.